పాషా సార్ లేటు రిజిస్టరు

చాంద్ పాషా సార్ టైంకు రారు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆయన గురించి సగం తెలిసినట్టే. మా సాయంత్రం బడి మొత్తం నూట పన్నెండు రోజులు నడిచింది. అందులో ఆయన టైంకు వచ్చింది ఒక్కటే రోజు, మొదటి రోజు. అది కూడా పొరపాటున వచ్చి ఉంటారని మా అందరి అభిప్రాయం.

ఇంతకీ ఆయన చేసే పని ఏమిటనుకున్నారు? గడియారాల రిపేరు. ముప్పై ఏళ్లు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక పటాన్‌చెరు బజారులో వాళ్ల నాన్న పెట్టిన వాచీల దుకాణంలో కూర్చున్నారు. రిపేరు చేసిన వాచీని రెండు రోజులు తన చేతికి కట్టుకుని చూస్తేగాని గిరాకీకి ఇవ్వరు. అందుకని ఎడమ చేతికి రెండు, కుడి చేతికి ఒకటి, ఎప్పుడు చూసినా మూడు వాచీలుండేవి. మూడూ మూడు టైములు చూపించేవి. ఊరందరి టైమూ బాగుచేసే మనిషికి తన టైం మాత్రం చేతికి దొరకలేదని బజారులో అందరూ నవ్వుకునేవాళ్లు.

ఇక నా సంగతి. నా పేరు కామరాజు. పటాన్‌చెరులోనే ఒక మాత్రల కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుని. పద్దెనిమిదేళ్లుగా నా పని ఒక్కటే, లేటుగా వచ్చినవాళ్ల పేర్లు రాయడం. మేనేజరు బావమరిది వచ్చినా రాస్తాను, నా బావమరిది వచ్చినా రాస్తాను. నా పెళ్లికి పంతులు ఆరు నిమిషాలు లేటుగా వచ్చాడు, అది నాకిప్పటికీ గుర్తుంది. మా ఆవిడ మాత్రం ఆ ఆరు నిమిషాల్లోనే తాను లేచి వెళ్లిపోవాల్సిందని అంటుంది. అలాంటి నన్ను తీసుకెళ్లి దేవుడు పాషా సార్ క్లాసులో కూర్చోబెట్టాడు.

అది చదువు మధ్యలో ఆపేసిన పెద్దవాళ్లకు ఓపెన్ పద్ధతిలో పదో తరగతి చెప్పే బడి. సంగారెడ్డిలో ఆఫీసున్న ఒక విద్యా సమితి వాళ్లు నడిపేవాళ్లు. ప్రభుత్వ బడిలో ఒక గది ఇచ్చారు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా క్లాసు. మేం ఇరవై రెండు మందిమి. అందరిలో పెద్దవాడు పెద్దరాములు, యాభై ఏడేళ్లు, లారీల మీద టార్పాలిన్లు కట్టే పని. గదిలో బెంచీలు ఐదో తరగతి పిల్లలవి. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఇంకో ఎత్తు. పెద్దరాములు ఒకసారి కూర్చున్నాక మళ్లీ ఎనిమిదిన్నరకే లేచేవాడు, అది కూడా ఇద్దరు పట్టుకుని లేపితే.

నాకు పది పాసైతే సూపర్‌వైజరు పోస్టు. కానీ నాకంటే ఎక్కువగా ఆ పది కావాల్సింది వీరలక్ష్మికి. బొల్లారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని, పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే. జూన్‌లో కొంతమందిని పర్మినెంట్ చేస్తాం, పది పాసైనవాళ్లనే తీసుకుంటాం అని కంపెనీ వాళ్లు నోటీసు పెట్టారు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. నలభై దాటితే ఆ లిస్టులో పేరే ఎక్కించరు. "ఇది తప్పితే ఇగ లేదు అన్నా" అని ఒకసారి నాతో అంది. ఐదున్నరకు షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో కొంత దూరం, షేర్ ఆటోలో కొంత దూరం వచ్చి బడి చేరేసరికి ఆరూ యాభై, ఒక్కోసారి ఏడు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, వాకిట్లోంచి ముందు తల మాత్రం లోపల పెట్టి చూసేది. సార్ లేరు కాబట్టి గబగబా వచ్చి చివరి బెంచీ మీద కూర్చునేది. మొదటి నెలంతా ఆమె గొంతు ఎలా ఉంటుందో మాకు తెలియదు.

అందరం సర్దుకుని కూర్చున్న రెండు మూడు నిమిషాలకు సార్ దిగేవారు. దిగడమంటే మామూలుగా కాదు. పరుగెత్తుకుంటూ, ఆయాసపడుతూ వచ్చి వాకిట్లో ఆగేవారు. చేతులు కట్టుకుని, "లోపటికి రావచ్చునా?" అని మమ్మల్ని అడిగేవారు.

"ఏమైంది సార్ ఇయ్యాల?" అని పెద్దరాములు విచారణ మొదలుపెట్టేవాడు.

"ఏం చెప్పాలె భాయ్, బర్రె అడ్డమొచ్చింది. హారన్ కొట్టినా పోదు."

"మీకు బండి లేదు గదా సార్, హారన్ యాడిది?"

"గదే చెప్తున్న. హారన్ కొరకు ఒక ఆటోను బతిమాలేసరికి లేటయింది."

గది మొత్తం గొల్లున నవ్వేది. "సరే, మాఫ్ చేసినం, రా సార్" అని పెద్దరాములు తీర్పు చెప్పేవాడు. అప్పుడు గాని ఆయన లోపలికి అడుగుపెట్టేవారు కాదు. "నేను లేటు గదా, నిన్న యాడ ఆపినమో జెర మీరే చెప్పుండ్రి" అనేవారు. మేం ఒకరి మాట ఒకరు అందుకుని నిన్నటి పాఠం మొత్తం ఆయనకు అప్పజెప్పేవాళ్లం. ప్రపంచంలో ఏ బడిలోనైనా పంతులు పిల్లల్ని క్షమిస్తాడు. మా బడిలో రోజూ మేమే పంతుల్ని క్షమించేవాళ్లం.

ఒక రోజు షేర్ ఆటోలో నిద్రపోయి ఇస్నాపూర్ దాకా వెళ్లి వచ్చానన్నారు. ఇంకో రోజు మసీదు దగ్గర చెప్పులు మారిపోయాయని కుడికాలికి నీలం చెప్పు, ఎడమకాలికి గోధుమరంగు చెప్పు వేసుకొచ్చారు. ఒకసారి పొరపాటున ఎవరిదో కంపెనీ బస్సు ఎక్కితే నెత్తికి హెల్మెట్ పెట్టి బీ షిఫ్టులోకి తోలేశారట. "హాజరు గూడ ఏసిన్రు. ఇజ్జత్‌గ చాయ్ తాపిచ్చి బయటికి పంపిన్రు" అన్నారు. మొదట్లో నేను సాయంత్రం నమాజు వల్ల లేటవుతోందేమో అనుకుని మర్యాదగా అడిగాను. ఆయన చెవులు పట్టుకున్నారు. "తోబా! నమాజ్ ఎప్పుడో అయిపోతది. దేవుని మీద పెట్టకు గేట్ సాబ్, బర్రె మీద పెట్టు."

అన్నింట్లోకీ పెద్ద సాకు బేగం గారిది. ఇంటికి తాళం వేసి సగం దారి వచ్చాక, లోపల భార్య అనీస్ బేగం ఉన్న సంగతి గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తారట. ఆ మరుసటి రోజు సార్ వాకిట్లో నిలబడి "లోపటికి రావచ్చునా?" అని అడగ్గానే చివరి బెంచీ నుంచి ఎవరిదో గొంతు వినిపించింది.

"ఇయ్యాలన్న బేగంసాబ్‌ను బయటికి తీసి వచ్చినవా సార్?"

అందరం వెనక్కి తిరిగి చూశాం. వీరలక్ష్మి! అన్న తర్వాత ఆమెకే భయమేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ మాత్రం ఎంతో గంభీరంగా జేబులోంచి తాళంచెవి తీసి చూసుకుని, "అరె, మళ్ల ఏసినట్టున్న" అన్నారు. ఆ రోజు నవ్వులకు పక్క వీధి కుక్కలు మొరిగాయి. అప్పటి నుంచి వీరలక్ష్మి మాట్లాడటం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి బోర్డు దగ్గరికి వెళ్లి లెక్క కూడా చేసింది.

అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం కడుపు మండిపోయేది. రోజూ ఆరుంబావుకే వచ్చి ముందు బెంచీలో కూర్చునేవాణ్ని. పరీక్ష దగ్గర పడుతోంది, పంతులేమో బర్రెలతో కాలక్షేపం చేస్తున్నాడు. అలవాటైన చేయి ఊరుకోదు కదా. ఒక నోటుబుక్కు కొని గీతలు గీశాను. తేదీ, వచ్చిన టైం, ఎన్ని నిమిషాలు లేటు, చెప్పిన కారణం. సార్ ఒకరోజు నా భుజం మీదుగా తొంగిచూశారు. సిగ్గుపడతారేమో అనుకున్నాను.

"అక్షరాలు ముత్యాల లెక్క ఉన్నయి గేట్ సాబ్. గా బర్రె కాడ జెర వివరంగ రాయి. నల్ల బర్రె అని."

జనవరి నెలాఖరుకు లేట్లు అరవై ఆరుకు చేరాయి. ఇక ఆగలేకపోయాను. నోటుబుక్కు మొత్తం జిరాక్సు తీయించి, పైన ఒక ఫిర్యాదు రాసి, సంగారెడ్డి ఆఫీసుకు పోస్టు చేశాను. సార్‌కు రెండు చీవాట్లు పడితే చాలు, దారికొస్తారని నా ఆలోచన. బుధవారం ఆఫీసు నుంచి అరుణాదేవి మేడం ఫోన్ చేశారు. సెంటర్లన్నీ చూసే అధికారి ఆవిడే.

"కామరాజు గారూ, మీ రిజిస్టరు చూశాను. అరవై ఆరు లేట్లు. నిజమేనా?"

"నిజమే మేడం. నిమిషాలతోని సహా."

"సోమవారం సాయంత్రం నేనే వస్తాను. ఎవరికీ చెప్పకండి. నిజమని తేలితే ఒకటో తారీఖు నుంచి ఆ సెంటరు ఎత్తేసి, మిమ్మల్నందరినీ సంగారెడ్డి సెంటరులో కలిపేస్తాం. ఇక్కడ చాలా క్రమశిక్షణ. బెల్లు కొట్టగానే గేటు మూసేస్తారు."

బెల్లు, గేటు అన్న మాటలు వింటే మామూలుగా నా ప్రాణం లేచొస్తుంది. ఆ రోజు మాత్రం వేళ్ల మీద దూరం లెక్కపెట్టుకున్నాను. సంగారెడ్డి అంటే ఇంకో ముప్పై కిలోమీటర్లు. ఐదున్నరకు బొల్లారంలో షిఫ్టు దిగే వీరలక్ష్మి అక్కడికి చేరేసరికి ఎనిమిదవుతుంది. అంటే నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఆమె పదో తరగతి నేనే కొట్టేశానన్నమాట. సార్‌కు చీవాట్లు పెట్టించబోయి ఏం చేశాను దేవుడా అని రెండు రోజులు అన్నం సయించలేదు.

శుక్రవారం ఇంకో వింత జరిగింది. నేను లేటయ్యాను.

గేటు దగ్గర పనిచేసేవాళ్లకు ఒక నియమం ఉంది. తర్వాతి షిఫ్టు గార్డు వచ్చి కర్ర, రిజిస్టరు చేతికి తీసుకునేదాకా మనం కదలకూడదు. ఆ రోజు రావాల్సినవాడు బండి పంక్చరై గంట ఆలస్యంగా వచ్చాడు. వాడి లేటు రాసి, సైకిలు తొక్కుకుంటూ బడి దగ్గరికి వచ్చేసరికి ఏడుకు ఐదు నిమిషాలు తక్కువ. గేటు ముందు సైకిలు దిగాను. కాళ్లు ముందుకు పడలేదు. లోపల దీపాలు వెలుగుతున్నాయి, మాటలు వినిపిస్తున్నాయి. నేను వాకిట్లో నిలబడగానే ఇరవై తలకాయలు నావైపు తిరుగుతాయి. రిజిస్టరు రాసే కామరాజే లేటు అంటారు. నలభై నాలుగేళ్ల మనిషిని, నిజం చెబుతున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోదామని సైకిలు తిప్పేశాను.

రోడ్డుకు అవతల కొమురయ్య టీ కొట్టుంది. ఎవరి కంటా పడకుండా దాని వెనక నుంచి పోదామని వెళ్తుంటే, లోపల పాషా సార్ గొంతు వినిపించింది. తడిక సందులోంచి చూశాను. ఉర్దూ పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, దాని అంచు మీదుగా బడి గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. ముందు బల్ల మీద ఎడమవైపు ఒక అగ్గిపుల్లల కుప్ప ఉంది. కుడివైపు రెండే అగ్గిపుల్లలు.

"ఇంక ఇద్దరున్నరు కొమురయ్యా. వీరలక్ష్మమ్మ ఒకామె, మన గేట్ సాబ్ ఒకాయన."

"గేటాయన రోజు అందరికంటె ముందుగాల్నే వస్తడు గద సార్. ఇయ్యాల రాడేమో. లెవ్వు, ఏడైతుంది."

"వస్తడు. గాయన రాకుంటే నా లేటు ఎవరు రాస్తరు?"

అంతలో షేర్ ఆటో ఆగింది. వీరలక్ష్మి దిగి, కొంగు సర్దుకుని గేట్లోకి వెళ్లింది. సార్ ఒక అగ్గిపుల్ల కుడివైపు నుంచి ఎడమవైపుకు జరిపారు. ఇంకొకటే మిగిలింది. ఆ ఒక్క పుల్ల నేను. దాన్ని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత సైకిలు అక్కడే పారేసి, చుట్టూ తిరిగి గేట్లోంచి బడిలోకి పరుగెత్తాను. లోపల ఎవరూ నావైపు తలెత్తి చూడలేదు. సారే రాలేదు కదా, ఇక లేటెవరు? "ఏందన్నా, ఆయాసపడుతున్నవ్, కూసో" అని పెద్దరాములు పక్కకు జరిగాడు, అంతే. రెండు నిమిషాలకు సార్ వాకిట్లో ప్రత్యక్షమయ్యారు.

"లోపటికి రావచ్చునా? బర్రె..."

ఆ రోజు నా నోటుబుక్కు తెరవలేదు.

క్లాసయ్యాక సైకిలు కోసం వెళ్లినప్పుడు కొమురయ్యను నిలదీశాను. అతను గ్లాసులు కడుగుతూ చెప్పాడు. "మొదటి రోజు సార్ టైంకే పోయిండు గదా. ఏడు గొట్టంగ గా వీరలక్ష్మమ్మ వాకిట్ల నిలబడి సూసింది. పాఠం నడుస్తుంది. అట్లనే వాపస్ మళ్లింది. సార్ సుద్దముక్క చేతుల పట్టుకొని ఎనకాల ఉరికొచ్చిండు. అప్పటికే ఆటో ఎక్కి పోయె. తెల్లారి సంది ఆరింటికే నా దగ్గర కూసుంటుండు. అందరు లోపటికి పోయినంక లేస్తడు. నాలుగు నెలలాయె, పేపరు సదువుడు చూడలే. ఒక్కోరోజు తలకిందులుగ పట్టుకుంటడు."

శనివారం పొద్దున్నే వాచీల దుకాణానికి వెళ్లాను. చేతులు కట్టుకుని మొత్తం చెప్పేశాను. రిజిస్టరు పంపిన సంగతి, మేడం ఫోన్ సంగతి, సోమవారం తనిఖీ సంగతి. సార్ కంటికి బిగించిన భూతద్దం తీయకుండా ఒక పాత వాచీలోకి చూస్తూ విన్నారు.

"ఎన్ని రాసినవ్?"

"అరవై ఆరు సార్."

"బర్రె మూడుసార్లు వచ్చింది. మూడుసార్లు ఒకటే బర్రెనా అని మేడం అడుగుతదేమో."

"సార్, నవ్వకుండ్రి. నేను మేడంకు అసలు సంగతి చెప్పేస్త."

అప్పుడు భూతద్దం తీశారు. నాలుగు నెలల్లో ఆయన మొహంలో నవ్వు లేకుండా చూడటం అదే మొదటిసారి.

"వద్దు గేట్ సాబ్. నా కొరకు సార్ బయట కూసుంటుండని తెలిసిందనుకో, వీరలక్ష్మమ్మ తెల్లారి సంది రాదు. నాతోని అందరికి తిప్పలైతుందని మానేస్తది. పెద్దోళ్లకు పాఠం రాకుంటే సిగ్గు కాదు. వాకిట్ల నిలబడంగనే ఇరవై తలకాయలు తిరిగి సూస్తయి సూడు, గదే సిగ్గు. తలకాయలన్నంక ఎటో ఒకదిక్కు తిరుగుతయి. నా దిక్కు తిరగనియ్యి. నాకేం, ముసలోన్ని."

 ఆ తలకాయల సంగతి శుక్రవారమే నాకు తెలిసొచ్చింది.

"సరే, సోమవారం ఒక్కరోజు టైంకు వస్తలే. పరేషాన్ గాకు" అన్నారు.

"మరి వీరలక్ష్మి?"

సార్ మళ్లీ భూతద్దం పెట్టుకున్నారు. వాచీకి కీ ఇస్తూ కూర్చున్నారు.

అసలు కారణం చెప్పొద్దని సార్ అన్నారు కాబట్టి, చెప్పకుండానే తనిఖీ ఆపించాలని మధ్యాహ్నం మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, కామరాజును. మీరు సోమవారం రాకున్నా ఏం కాదు."

"ఏం? సారు లేటుగా రావడం మానేశారా?"

"లేదు మేడం, లేటుగనే వస్తున్నరు. కాని అది లేటు కాదు."

"అంటే?"

"అంటే, ముందుగాల్నే వస్తరు మేడం. వచ్చి, లేటుగ వస్తరు."

 మేడం గొంతు తగ్గించారు. "కామరాజు గారూ, మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా? పక్కన ఎవరైనా ఉంటే ఊఁ అనండి చాలు."

"ఊఁ... ఊహూఁ, ఎవరు లేరు మేడం!"

"అర్థమైంది. ధైర్యంగా ఉండండి. సోమవారం తప్పకుండా వస్తాను."

సోమవారం ఆరున్నరకు నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. మేడం జాడ లేదు. గదిలో సార్ కూడా లేరు. రోడ్డు అవతల టీ కొట్టులో మాత్రం ఉర్దూ పేపరు కనిపిస్తోంది. రమ్మని చేతులూపాను. ఆయన పేపరు పక్కకు తీసి, నేనేదో సలాం చేసినట్టు తిరిగి సలాం చేశారు. ఆరూ నలభై. హైవే మీద ట్రాలీ ఒకటి అడ్డం తిరిగి ట్రాఫిక్ ఆగిపోయిందని ఎవరో అన్నారు. మళ్లీ చేతులూపాను, మళ్లీ సలామే వచ్చింది.

ఆరూ యాభై ఏడుకు షేర్ ఆటో ఆగింది. వీరలక్ష్మితో పాటు ఇంకొకావిడ దిగారు. యాభై ఏళ్లుంటాయి. నేత చీర, భుజాన సంచి, మొహం నిండా చెమట. అడుగు ముందుకు వేయలేక తటపటాయిస్తున్నారు. వీరలక్ష్మి ఆవిడ చేయి పట్టుకుని తీసుకొస్తోంది. ఎవరో కొత్తగా చదువుకోవడానికి వచ్చారనుకున్నాను.

వాకిట్లోకి రాగానే ఆవిడ, "కొంచెం ఆలస్యమైంది, ట్రాఫిక్..." అని ఏదో చెప్పబోయారు.

"అయ్యో, ఏం లేటమ్మా! మా సారే ఇంక రాలే" అంది వీరలక్ష్మి. "మా సార్ ఉన్నన్ని దినాలు మనకు లేటన్న ముచ్చటే లేదు. రాండ్రి, నా పక్కన కూసోండ్రి. బెంచి చిన్నగుంటది, మోకాళ్లు జెర అడ్డంగ పెట్టుండ్రి. సిగ్గుపడకుండ్రి. మొదటి రోజు నేను గూడ గీ వాకిట్లకెళ్లే వాపస్ పోయిన. క్లాసు నడుస్తుండె, భయమైంది. తెల్లారి ఆఖరుసారి సూద్దామని వస్తే సారే రాలే! ఇగ అప్పటిసంది నా భయం పోయింది."

మొదటి నెలంతా నోరు తెరవని మనిషి ఇంకొకరికి ధైర్యం చెబుతోంది. ఆ కొత్తావిడ వీరలక్ష్మి మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత మోకాళ్లు అడ్డంగా పెట్టుకుని కూర్చున్నారు.

ఏడూ రెండుకు సార్ పరుగెత్తుకొచ్చి వాకిట్లో ఆగారు. "లోపటికి రావచ్చునా? ఏం చెప్పాలె, దుకాణంల గడియారాలన్ని ఒకటేసారి గంట కొట్టినయి. ఏది నిజం చెప్తుందో తెల్వక అన్నిటికి జవాబు చెప్పి వచ్చేసరికి..."

"మాఫ్ చేసినం, రా సార్."

సార్ కొత్త మనిషిని చూశారు. "మీరు కొత్తగ చేరినరా అమ్మా? మాఫ్ చేయుండ్రి, మీ మొదటి రోజే లేటయిన."

"ఫర్వాలేదండీ. నేనూ ఇప్పుడే వచ్చాను" అన్నారు ఆవిడ. ఆ గొంతు ఎక్కడో విన్నానే అనుకున్నాను గాని, నా బుర్ర పనిచేస్తే ఇదంతా ఎందుకు జరుగుతుంది? ఆ రోజు శాతాల లెక్కలు. వీరలక్ష్మి బోర్డు మీద రెండు లెక్కలు తప్పు లేకుండా చేసింది. మేడం మీద భయంతో నేను మూడు తప్పులు చేశాను, వాకిలి వైపు చూడటమే సరిపోయింది.

ఎనిమిదిన్నరకు అందరూ వెళ్లిపోయారు. పెద్దరాములును లేపి పంపించాక నేను, సార్, ఆ కొత్తావిడ మిగిలాం. ఆవిడ సంచిలోంచి కొన్ని కాగితాలు తీశారు. నా అక్షరాలు! ముత్యాల్లా ఉన్నాయి. నేను బెంచీ పట్టుకుని నిలబడ్డాను.

"కామరాజు గారంటే మీరేనా? ఇవాళ్టిది రాశారా?"

"రాయలే మేడం."

"రాసుకోండి. చాంద్ పాషా, ఏడూ రెండు. అరుణాదేవి, ఆరూ యాభై ఎనిమిది." ఆవిడ నవ్వారు. "కారు ట్రాఫిక్‌లో వదిలేసి ఆటో ఎక్కాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో తనిఖీకి నేను లేటుగా రావడం ఇదే మొదటిసారి. ఏం చెప్పాలా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను. చెప్పాల్సిన అవసరమే రాలేదు." సార్ వైపు తిరిగారు. "రోడ్డు అవతల అగ్గిపుల్లలు ముందేసుకుని కూర్చున్నది మీరే కదండీ? ఆటో దిగుతూ చూశాను. ఆ అమ్మాయి మాట విన్నాక అర్థమైంది."

సార్ దొంగతనం దొరికిపోయినవాడిలా మూడు వాచీలూ చూసుకున్నారు. నేను మాత్రం ఐదు రోజుల తర్వాత మొదటిసారి పూర్తిగా ఊపిరి పీల్చుకున్నాను.

"సెంటరు ఎక్కడికీ పోదు. కావాలంటే క్లాసు టైం ఏడింటికి మార్చేస్తాను" అన్నారు మేడం.

"వద్దు మేడం" అని సార్ కంగారుపడ్డారు. "ఏడు అంటే ఎవరో ఒకరు ఏడుంబావుకు వస్తరు. ఆరున్నరే ఉండనియ్యుండ్రి. నేను లేటుగ వస్త."

మేడం జిరాక్సు కాగితాలు మడిచి నా చేతిలో పెట్టారు. ఆ రాత్రి ఇంటికెళ్లి రెండు పూటల అన్నం ఒకేసారి తిన్నాను.

ఫలితాల సంగతి ముందే చెప్పేస్తాను, మీ మనసు నిమ్మళంగా ఉంటుంది. వీరలక్ష్మి పాసైంది, లెక్కల్లో నాకంటే తొమ్మిది మార్కులు ఎక్కువ. జూన్‌లో పర్మినెంట్ అయింది. పెద్దరాములు కూడా పాసై, మార్కుల కాగితానికి అద్దం కట్టించి లారీ ఆఫీసులో వేలాడదీశాడు. నాకు సూపర్‌వైజరు పోస్టు వచ్చింది. ఇప్పుడు మా గేటు దగ్గర లేటుగా వచ్చినవాళ్లు కనబడితే, రాసే ముందు ఒకసారి అటు తిరిగి కాసిని మంచినీళ్లు తాగుతాను. ఈలోపు లోపలికి పోయేవాళ్లు పోతారు.

కానీ నేను చెప్పాల్సింది పరీక్ష రోజు సంగతి. సెంటరు సంగారెడ్డిలో పడింది. తొమ్మిదింటికి పరీక్ష. బెల్లు కొట్టాక ఎవర్నీ లోపలికి రానివ్వరు, అక్కడ ఏ పాషా సారూ అడ్డం పడలేరు. నేను మొదటి బస్సెక్కి ఏడుంబావుకే గేటు దగ్గరికి చేరాను. నాకంటే ముందెవరూ ఉండరని ధీమాగా ఉంది. చూస్తే గేటు పక్కన గట్టు మీద పాషా సార్ కూర్చుని ఉన్నారు. పక్కన ఇరవై రెండు అగ్గిపుల్లలు పేర్చి ఉన్నాయి. చేతులకు మూడు వాచీలు. దగ్గరికెళ్లి చూశాను, మూడూ ఒకే టైం చూపిస్తున్నాయి. నన్ను చూసి ఒక పుల్ల పక్కకు జరిపారు.

ఏడూ నలభైకి వీరలక్ష్మి వచ్చింది. మలుపు తిరిగి, గట్టు మీద సార్‌ను చూడగానే అక్కడే ఆగిపోయింది. ఇన్ని నెలల్లో తాను వచ్చేసరికే సార్ ఉండటం, ఆ మొదటి రోజు తర్వాత అదే మొదటిసారి. మొహం పాలిపోయింది.

"సార్! నేను లేటయిననా?"

సార్ గబుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నువ్వు గాదమ్మా, నేనే తొందరగ వచ్చిన. మాఫ్ చెయ్యి. ఏం జేయాలె, ఇయ్యాల దారిల బర్రె లేకుండె."

వీరలక్ష్మి ఒక్క క్షణం అలాగే చూసి, పరీక్ష అట్ట నోటికి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. "సరే, మాఫ్ చేసినం సార్" అని దర్జాగా గేట్లోకి నడిచింది. సార్ ఇంకో పుల్ల పక్కకు జరిపారు.

నేను చాలా రోజుల తర్వాత నోటుబుక్కు తెరిచి చివరి వరుస రాశాను. చాంద్ పాషా సార్. గంటా నలభై ఐదు నిమిషాల పైనే ముందు. కారణం, బర్రె లేదు.